మా ఎడమ చెవి తరఫున ఓ ఉత్తరం

మహారాజశ్రీ వైర్‌లెస్ హెడ్‌సెట్ గారికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ కుశలం మీ ఒక్కరిదే. డబ్బాలో వెచ్చగా పడుకుని ఛార్జింగ్ తాగుతున్నారు. మా ఎడమ చెవి మాత్రం ఎర్రగా కందిపోయి, కొబ్బరినూనె రాయించుకుని కూర్చుంది. దానికి వినడమే తప్ప చెప్పడం రాదు కాబట్టి నేను రాస్తున్నాను.

నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. రోజుకు నాలుగైదు గంటలు ఎవరో ఒకరితో ఫోన్లో మాట్లాడుతూనే ఉండాలి. ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి తాలింపులు పెట్టీ పెట్టీ మెడ పట్టేస్తే, "వైరు లేనిది ఒకటి కొనుక్కోవే, హాయిగా ఉంటుంది" అంది మా అక్క. ఆ హాయి కోసమే మిమ్మల్ని వెతుక్కుంటూ బయల్దేరాను. మూడేళ్లలో నాలుగు అవతారాల్లో దర్శనమిచ్చారు. హాయి ఇంకా దారిలోనే ఉంది.

మొదటిసారి కోఠీ గుజరాతీ గల్లీకి వచ్చాను. కొట్టబ్బాయి మీ గురించి చెప్పని గొప్ప లేదు. బేస్ అదిరిపోతుందట, నలభై గంటలు మోగుతుందట, గేమింగ్ మోడ్ కూడా ఉందట. "ఒకసారి చెవికి పెట్టి చూడొచ్చా బాబూ?" అన్నాను. "సీల్ తీస్తే తీసుకోవాల్సిందే మేడమ్" అన్నాడు.

ఇదే ఊళ్లో చెప్పులు కొనబోతే రెండు కాళ్లకీ వేసి, కొట్లో నాలుగడుగులు నడిపిస్తారు. చీరయితే భుజాన వేసి అద్దం ముందు నిలబెడతారు, కొనకపోయినా కూల్‌డ్రింక్ ఇస్తారు. ద్రాక్షబండి దగ్గర ఒకటి నోట్లో వేసుకుని, పులుపని మొహం చిట్లించి వెళ్లిపోయే హక్కు మనకుంది. చెవికి మాత్రం ఏ హక్కూ లేదు. ఆన్‌లైన్లో ఇంకా పకడ్బందీ: చెవిలో పెట్టిన వస్తువు కాబట్టి పరిశుభ్రత దృష్ట్యా వెనక్కి తీసుకోరట. పరిశుభ్రత సంగతి నిజమే, కాదనను. కానీ పెట్టుకుని చూడకుండా కొనాలి, పెట్టుకున్నాక తిరిగి ఇవ్వకూడదు అంటే అది పెళ్లిచూపులకన్నా ఘోరం.

సరే, మొదటి అవతారం నెక్‌బ్యాండ్. మెళ్లో పడి ఉంటుంది, పోదు అని తీసుకున్నాను. అప్పటికే నా మెళ్లో నల్లపూసలున్నాయి, గొలుసుంది. మూడో సభ్యులుగా మీరొచ్చారు. కాల్ అయ్యాక రెండు మొగ్గలూ ఒకదానికొకటి అతుక్కోవాలని మీ కొసల్లో అయస్కాంతాలు పెట్టారు కదా, వాటికి నా చున్నీ పిన్నీసంటే వల్లమాలిన ప్రేమ. చెవిలోంచి తీసిన ప్రతిసారీ వెళ్లి దానికి అతుక్కునేవి. పూజలో హారతి ఇస్తున్నప్పుడు కూడా. ఈ డిజైన్ గీసినవాళ్ల ఇంట్లో పిన్నీసు పెట్టుకునే మనిషి ఒక్కరూ ఉండరని నా నమ్మకం.

రెండో అవతారంలో చెవుల మీద కూర్చునే పెద్ద డిప్పల జత. బరువు దాదాపు పావుకిలో. మొదటి పది నిమిషాలు దిండు పెట్టినట్టే ఉంది. ఇరవయ్యో నిమిషానికి దిద్దుల శీల చెవి వెనక ఎముకలో దిగడం మొదలైంది. పైనుంచి కళ్లజోడు కాడ. మీరు రెంటినీ కలిపి నొక్కుతుంటే, అరగంటకి మీటింగ్‌లో ఎవరేం అడిగినా "ఓకే సర్" అనేశాను. అలా ఒక ఆదివారం డ్యూటీ కూడా ఒప్పుకున్నాను. దిద్దులు తీసేస్తే సరిపోదా అన్నారు మా ఆయన. తీశాను. "చెవులు బోసిగా పెట్టుకుని కూర్చున్నావేంటి" అని అత్తగారు. మే నెల వచ్చేసరికి డిప్పల కింద చెవులు ఉడికాయి. మరుసటి వేసవికి పైతోలు నల్లగా పొట్టు రాలింది. మెడ మీద ఆ నల్లపొట్టు చూసి మా పాప ఒంట్లో తారు వస్తోందా అమ్మా అనడిగింది.

మూడోది రబ్బరు మొగ్గల ఇయర్‌బడ్స్. బరువు పిసరంత, ఒక్కోటీ నాలుగైదు గ్రాములు. హమ్మయ్య అనుకున్నాను. డబ్బాలో మూడు సైజుల రబ్బరు టోపీలు: చిన్న, మధ్య, పెద్ద. మూడేళ్ల పిల్లల గౌన్లకే ఆరు సైజులుంటాయి. పైగా నాకో రహస్యం ఉంది. చిన్నప్పుడు నా చెవులు కుట్టిన కంసాలి తాత రెండు తమ్మెలూ వేళ్లతో పట్టి చూసి, "ఎడమది కాస్త చిన్నదమ్మా, గుర్తు పెట్టుకో" అన్నాడట మా అమ్మతో. నా చెవుల్లో తేడా కనిపెట్టిన మొదటి మనిషి ఆయనే. మీ కంపెనీల్లో ఇంతమంది ఇంజినీర్లుండీ రెండో మనిషి దొరకలేదు.

కుడి చెవికి మధ్య టోపీ కుదిరింది. ఎడమ చెవికి చిన్నది జారిపోతుంది, మధ్యది పొడుస్తుంది. ఈ రెంటికీ మధ్య సైజు మీ ప్రపంచంలో లేదు. బలవంతంగా దూర్చుకున్నాక, చెవి బిరడా వేసినట్టయి నా గొంతు నాకే బావిలోంచి వినిపించేది. అప్పడం నమిలితే రోడ్ రోలర్ వెళ్లినట్టుండేది. అది మూసుకున్న చెవి గుణం, ఎముకల గుండా వచ్చిన చప్పుడు బయటికి పోవడానికి దారుండదని తర్వాత తెలిసింది. డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు.

నాలుగోది రబ్బరు లేని కాడ మోడల్. పొడవదు. చెవి అంచున ఊరికే అలా ఆని ఉంటుంది, వరండాలో కూర్చున్న చుట్టంలాగా. నవ్వితే పడిపోతుంది. ఆవలిస్తే పడిపోతుంది. ఒకసారి పప్పు రుబ్బుతుంటే గ్రైండర్‌కి జానెడు దూరంలో పడింది. అప్పట్నుంచీ నవ్వకుండా మాట్లాడుతున్నాను. నాకు ఈ మధ్య సీరియస్‌నెస్ పెరిగిందని ఆఫీసులో మెచ్చుకున్నారు.

అసలు మీ పేరు విన్నప్పుడే అనుమానించాల్సింది. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన హరాల్డ్ అనే రాజుకి నీలిపన్ను అని మారుపేరు. ఆయన పేరే మీ బ్లూటూత్‌కి పెట్టారు. మీ గుర్తు కూడా ఆయన పేరు పొడి అక్షరాలే, పాత లిపిలో. చెవికి పెట్టుకునే వస్తువుకి పన్ను పేరు పెట్టినవాళ్లు చెవి గురించి ఎంత ఆలోచించి ఉంటారు!

డబ్బా మీద రాతల సంగతి కూడా కొంచెం మాట్లాడుకుందాం. ఇయర్‌బడ్స్‌కి నలభై గంటలన్నారు. అందులో చెవిలో ఉండేవి ఆరో ఏడో, మిగతావి డబ్బాలో దాచిన గంటలట. జీతం ఎంతంటే పీఎఫ్ కూడా కలిపి చెప్పినట్టు. చుట్టూ ఉన్న చప్పుడు తగ్గిస్తుందని ఈఎన్‌సీ అనే పెద్దక్షరాలు చూసి, కుక్కర్ కూత నాకు వినపడదని మురిసిపోయాను. అది మైక్ కోసమట. కూత వినపడనిది అవతలివాళ్లకి, నాకు కాదు. నాక్కావాల్సింది నా చెవికి చప్పుడు తగ్గించే ఏఎన్‌సీ. ఒక్క అక్షరం తేడా, ధరలో మాత్రం ఒక్క అక్షరం కాదు. దాంతో కుక్కర్ మీద పైచేయికి నేను సౌండ్ పెంచడం, దానికి చెవిలో గుయ్యిమని జోరీగ. వారానికి నలభై గంటలు వినాలంటే ఎనభై డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా కుక్కర్‌కి ఆ సంగతి తెలియదు.

పాట వింటున్నంతసేపూ బానే ఉంటారు. కాల్ రాగానే, మైక్ కూడా తెరవాలి కాబట్టి మీరు వేరే దారికి మారతారు, ఆ దారి ఇరుకు. అప్పటిదాకా ముత్యాల్లా పడిన సౌండ్ రేకుల డబ్బాలో గవ్వలవుతుంది. ఇక మా మైక్రోవేవ్ ఓవెన్, మీరూ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే వీధిలో కాపురం. నేను అన్నం వేడిపెట్టినప్పుడల్లా మా మేనేజర్ ముక్కలు ముక్కలుగా వినిపిస్తాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీ మీద నాకు కోపం లేదు.

మొన్న అత్తగారి చెవి మిషన్‌కి అచ్చు వదులైందంటే తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి లైటు వేసి ముందు చెవి లోపలికి చూసింది. నేను నోరు తెరిచాను. చెవి లోపలికి చూసి వస్తువు చేసేవాళ్లు ఈ భూమ్మీద ఉన్నారన్నమాట! దారం కట్టిన దూది ఉండ లోపల పెట్టి, సిరంజితో మెత్తటి ముద్ద నింపి, కొన్ని నిమిషాలాగి బయటికి తీసింది. అత్తగారి చెవి సందులన్నీ ఆ ముద్దలో అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. "రెండో చెవికి మళ్లీ తియ్యాలండీ, ఏ రెండు చెవులూ ఒకలా ఉండవు" అంది. కంసాలి తాత గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

అత్తగారు లేవగానే ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

"మీకూ వినపడ్డంలో ఇబ్బందా అండీ?"

"లేదమ్మా, బానే వినపడుతుంది. ఎడమ చెవిలో ఏదీ నిలవడం లేదు."

ఆ అమ్మాయికి అర్థంకాక అత్తగారి వైపు చూసింది. అప్పుడే మిషన్ మళ్లీ పెట్టుకున్న అత్తగారు తలూపుతూ, "ఎడమేం ఖర్మ తల్లీ, పదహారేళ్లుగా నేను చెప్పిందేదీ దీని రెండు చెవుల్లోనూ నిలవలేదు" అన్నారు.

ఇట్లు,
తమ నాలుగు అవతారాల భక్తురాలు

తా.క.: నాలుగో అవతారంలోని కుడి బడ్ నిన్నటి నుంచీ కనపడటం లేదు. బియ్యం డబ్బాలో ఉన్నారేమో చూస్తున్నాను. ఉంటే కాస్త బీప్ అనగలరు.