సభ్యత్వం లేని పైపు నిలబడుతుందా?

పరంజా కూలినప్పుడు ఇంజనీర్లు ఏవేవో వెతుకుతారు. పైపు తుప్పు పట్టిందా, క్లాంపు బోల్టు మర పోయిందా, బేస్ ప్లేటు కింద మట్టి కుంగిందా అని చూస్తారు. ఆ పైపుల యజమానికి పరంజా వ్యాపారుల అసోసియేషన్‌లో సభ్యత్వం ఉందా అని మాత్రం ఒక్కరూ అడగరు.

సభ్యులకే పని ఇస్తామంటూ ఇప్పుడు బిల్డర్లు అడుగుతున్నారు. మంచిదే. హైదరాబాద్ శివార్లలో ఓ రేకుల షెడ్డు, నాలుగు టన్నుల పైపులు, కాసిన్ని జాకీలు, ఆరుగురు కుర్రాళ్లతో నెట్టుకొచ్చే సెంట్రింగ్ సామాన్ల షాపులు ఇక బాధ్యతగా బతకాలి కదా! కొటేషన్ ఫారంలో ‘సభ్యత్వ నంబరు’ అని ఓ గడి వచ్చింది. అది ఖాళీగా ఉంటే కింద రాసిన రేటు ఎవరూ చదవరు.

రుసుము ఏడాదికి 25 వేలనుకుందాం. సొంత లారీలున్న కంపెనీకీ అంతే, టాటా ఏస్ కూడా కిరాయికి తెచ్చుకునేవాడికీ అంతే. సమానత్వమంటే ఇదే. దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే 4,500. పెద్ద కంపెనీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌లో, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని, సర్దేసుకుంటుంది. 20 లక్షల లోపు టర్నోవరుతో జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా నడిచే మనవాడికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి అదే సభ్యత్వం వాళ్లకు 25,000, ఇతనికి 29,500. పరిశ్రమ మీద ఎవరికి ఎక్కువ ప్రేమో తేలిపోయింది.

కిట్టనివాళ్లు వెంటనే లెక్కలు తీస్తారు. క్లాంపు వంద రూపాయలనుకున్నా ఆ డబ్బుతో 295 కొత్తవి వస్తాయట. మర అరిగిన బోల్టుకు బైండింగ్ వైరు చుట్టి పని కానిచ్చే అవస్థ తప్పుతుందట. ఎంత సంకుచిత దృష్టి! క్లాంపు పట్టుకునేది రెండు పైపుల్నే. సర్టిఫికెట్ కంపెనీ మొత్తాన్ని పట్టుకుంటుంది, అదీ లామినేషన్‌తో.

పైగా తనిఖీ ఉంటుంది. నాకు తెలిసిన ఓ షాపుకు మనిషి వచ్చాడు కూడా. బోర్డు ఫొటో తీశాడు, యజమాని ఫొటో తీశాడు, మజ్జిగ తాగాడు. పైపులు షెడ్డు వెనక ఉన్నాయి. మే నెల ఎండ.

ఇక భద్రతా సదస్సు. ఏసీ హాలు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. ఎత్తు నుంచి పడకుండా కాపాడే హార్నెస్ ఎలా వేసుకోవాలో ఈవెంట్ కంపెనీ కుర్రాడు చూపించాడు. కాళ్ల పట్టీలు వేలాడుతుండగా నడుముకు మాత్రం బిగించుకున్నాడు. చప్పట్లు మోగాయి. అలా కాదని చెప్పగలిగిన వాళ్లంతా ఆ పూట నాలుగో అంతస్తులో ప్లాస్టరింగ్‌కు పలకలు పరుస్తున్నారు.

పరంజాల భద్రతకు ఐఎస్ 3696 మొదటి భాగం అని 1987 నాటి ప్రమాణం ఒకటుంది. పలకలు, పక్క కమ్మీల సంగతులన్నీ అందులో ఉన్నాయి. దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సదస్సులో దాన్ని పంచలేదు. ఉచితంగా వచ్చేదాన్ని పంచితే రుసుము గౌరవం ఏం కావాలి? డైరీ ఇచ్చారు, కీచైన్ ఇచ్చారు.

ఈమధ్య అసోసియేషన్ భవనానికి రంగులు వేయించారు. చూద్దును కదా, మూడంతస్తులకూ సర్వీ కర్రలు, కొబ్బరి తాళ్లు. మన సభ్యుల్లో ఎవరిదండీ ఈ పరంజా అని ఆఫీసు గుమస్తాను అడిగాను.

“సభ్యులా? వాళ్ల రేట్లు మనం భరించలేమండీ. సభ్యత్వం ఖర్చు కూడా కలిపి చెబుతున్నారు” అన్నాడాయన.