సవరణ: వైఫై పేరు దాచిపెడితే సరిపోదు

పోయిన వారం ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ల కోసం రాసిన పోస్టులో, రౌటర్‌లో వైఫై పేరు కనిపించకుండా పెడితే బయటివాళ్లకు దొరకదని రాశాను. అది తప్పు. హనుమకొండలో మా పక్క ఫ్లాట్ తమ్ముడు అది చదివి, ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, నేను టీ పెట్టేలోపే మా నెట్‌వర్క్ పేరు చదివి వినిపించాడు. "దాచింది మీరే అన్నా, చెప్పింది మీ ఫోనే" అన్నాడు. నిజమే. ఫోన్ కనెక్ట్ అయినప్పుడల్లా ఆ పేరు గాల్లోకి వెళ్తుంది. కాజీపేటలో రైలు కోసం నిలబడ్డా, దాచిన నెట్‌వర్క్ కోసం చాలా ఫోన్లు పేరు పెట్టి వెతుకుతాయి. అంటే నేను చెప్పింది ఉల్టా పని.

ఇంకోటి. డబ్ల్యూపీఎస్, అంటే వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యే సదుపాయం, ఆన్‌లో ఉంచుకోమన్నాను. ఆఫ్ చేయండి. దాని పిన్‌కు 8 అంకెలు ఉన్నా, చివరిది మిగతా వాటిని బట్టి వచ్చేదే. పైగా రౌటర్ మొదటి నాలుగింటిని ఒకసారి, మిగిలిన వాటిని ఇంకోసారి సరిచూస్తుంది. దాంతో కోటి కాదు, 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఈ లోపం 2011లోనే బయటపడింది, నేనే చూసుకోలేదు.

వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అనే రక్షణ పద్ధతి, పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకోమన్న మాటలో మార్పు లేదు. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, అదీ మార్చాలి. మాది మొన్నటిదాకా రౌటర్ స్టిక్కర్ మీద ఉన్నదే.