ఫ్లాప్ ఫ్లాప్ కాకుండా ఉండాలంటే

ఫ్లాప్ అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. ప్లాస్టిక్ సర్జన్‌కు మాత్రం ఒకచోటి నుంచి తీసి, గాయమున్న ఇంకోచోట అమర్చే చర్మమో కండో గుర్తొస్తుంది. అది బతికితేనే ఫ్లాప్. చస్తే మనమనుకునే ఫ్లాపే. ఆయన టెన్షనంతా అదే.

వేరేచోటికి పూర్తిగా తరలించే కండ అయితే, అక్కడ దాని నాళాలు కుట్టడం పూర్తయ్యేదాకా నెత్తురు చుక్క లేకుండా ఉండాలి. పుట్టి బుద్ధెరిగాక ఒక్కపూటా పస్తుండని దానికి ఇదేం శిక్ష? అందుకే వైద్యశాస్త్రం దయతలచి ఒక ఉపాయం కనిపెట్టింది. పెద్ద కరువు రాకముందే చిన్న చిన్న కరువులు అలవాటు చెయ్యడం. దీని పేరు ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్. నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, శిక్షణ నాక్కాదు కాబట్టి.

1986లో ఇది కుక్కల గుండెతో మొదలైంది. 5 నిమిషాలు రక్తం ఆపడం, 5 నిమిషాలు వదలడం, ఇలా 4 సార్లు. ఆ తర్వాత 40 నిమిషాలు ఆపితే, శిక్షణ లేని గుండెతో పోలిస్తే చచ్చిన కండ నాలుగో వంతే. ఆపైన పందుల వీపు కండ వంతు వచ్చింది. 10 నిమిషాలు ఆపడం, 10 నిమిషాలు వదలడం, ఇలా 3 సార్లు. నాళం మీద చిన్న క్లాంప్ పడుతుంది, కండ పాలిపోతుంది. క్లాంప్ తీయగానే, అలిగిన పిల్లాడు ఆకలేసి అన్నం మీద పడ్డట్టు, మామూలుకన్నా ఎక్కువ రక్తం లాగేసుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ క్లాంప్. ఈ తంతుకు గంట. సర్జన్ కాళ్లకు ఏ శిక్షణ ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నిజానికి కండను చంపేది పస్తు ఒక్కటే కాదు, పస్తు తర్వాతి విందు కూడా. రక్తం తిరిగొచ్చినప్పుడు తెల్లరక్తకణాలు నాళాల గోడలకు అతుక్కుంటాయి, గోడలు వాస్తాయి, కేశనాళికలు మూసుకుపోతాయి. పెద్ద నాళం బ్రహ్మాండంగా కొట్టుకుంటూనే ఉంటుంది, చివరి కణానికి చుక్క అందదు. పైన నిధులు విడుదల, కింద గిన్నె ఖాళీ. ఎక్కడో విన్నట్టుంది కదూ? శిక్షణ పొందిన కండలో అడెనోసిన్, నైట్రిక్ ఆక్సైడ్ లాంటి ఒంట్లోని రసాయనాలు ముందే రంగంలోకి దిగి, దారులు తెరిచి ఉంచి, తెల్లకణాల గుంపును అదుపు చేస్తాయి. ఈ క్రమశిక్షణ రెండు మూడు గంటలే. తర్వాత మరుపు. మళ్లీ ఒక రోజు గడిచాక హఠాత్తుగా గుర్తొచ్చి, ఇంకో రెండు రోజులు బుద్ధిగా ఉంటుంది. మన డైటింగే నయం.

కొందరికి ఇదీ చాల్లేదు. ఫ్లాప్‌ను ముట్టుకోకుండా, బీపీ చూసే పట్టీ లాంటిది చేతికో కాలికో బిగించి వదిలితే చాలన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం పాత సంగతి. ఇక్కడ దుత్తను పిండితే అత్త మారుతుందట! ఎలుకల్లో మారింది కూడా. మనుషుల్లో, 2015లో వెలువడిన రెండు పెద్ద ట్రయల్స్‌లో, గుండె ఆపరేషన్లకు వెళ్లిన దాదాపు 3 వేల మంది మీద చూస్తే ఆ చేతి పట్టీ వల్ల ఒరిగిందేమీ లేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం వెక్కిరిస్తుంటారు. ఇక్కడ ఎలుకలు ఎప్పుడో దొరికాయి, కొండే ఇంకా అలాగే ఉంది.