గుమ్మటంతో నూట యాభై ఏళ్ల పేచీ

2019 అక్టోబర్ 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘బాహుబలి: ద బిగినింగ్’ వేశారు. తెర మీద సినిమా నడుస్తుంటే కింద ఆర్కెస్ట్రా కీరవాణి సంగీతాన్ని అప్పటికప్పుడు వాయించింది. ఆ సాయంత్రం గురించి మనవాళ్లు చాలానే రాసుకున్నారు. చప్పట్లు, సెల్ఫీలు, ఎవరెవరు వచ్చారు, అన్నీ. హాలు గురించి రాసినవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. అదే ఏడాది ఆ హాలు తన సౌండ్ సిస్టమ్‌ను మొత్తంగా మార్చుకుంది. ఆ మార్పు వెనక ఉన్న ప్రతిధ్వని పేచీ హాలు పుట్టిన రోజు నుంచీ నడుస్తున్నదే.

1871 మార్చి 29న ప్రారంభోత్సవంలో బ్రిటిష్ యువరాజు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ప్రసంగం కొందరికి రెండేసి సార్లు వినిపించింది. హాలు కోలగా ఉంటుంది. పైన ఇనుము, గాజుతో కట్టిన గుమ్మటం, నేల నుంచి దాదాపు 41 మీటర్ల ఎత్తు. గొంతు పైదాకా వెళ్లి తిరిగి రావాలంటే 80 మీటర్ల దారి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, తిరిగొచ్చేసరికి పావు సెకను ఆలస్యం. సెకనులో ఇరవయ్యో వంతు దాటితేనే మాట విషయంలో చెవి తేడా పట్టేస్తుంది. పైగా గుమ్మటం లోపలి వంపు శబ్దాన్ని చెదరనివ్వదు, ఒకచోటికి పోగుచేసి పంపుతుంది. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్‌లో విన్నవాళ్లకు గుమ్మటాల సంగతి చెప్పక్కర్లేదు. కాపలాకు పనికొచ్చిన ఆ గుణమే కచేరీకి తలనొప్పి అయింది. బ్రిటిష్ స్వరకర్త తన రచనను రెండోసారి వినాలంటే ఈ హాలుకే రావాలని అక్కడ పాత జోకు కూడా ఉంది.

చేయని ప్రయత్నం లేదు. మొదట గుమ్మటం కింద పెద్ద గుడ్డ కట్టారు. 1949లో దాన్ని తీసేసి అల్యూమినియం పలకలు పెట్టారు. 1969లో ఫైబర్‌గ్లాస్ పళ్లాలు 135 వేలాడదీశారు. కింద నుంచి చూస్తే పుట్టగొడుగుల్లా ఉంటాయి, పేరు కూడా అదే స్థిరపడింది. పైకెళ్లే శబ్దాన్ని గుమ్మటం దాకా పోనివ్వకుండా దారిలోనే చెదరగొట్టడం వాటి పని. తర్వాత లెక్కలు మళ్లీ వేసుకుని 85కి తగ్గించారు. నాకు ఈ తగ్గించడం బాగా నచ్చింది. ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అనే ఆలోచన శబ్దం దగ్గర చెల్లదు.

2019లో పెట్టినవి 465 స్పీకర్లు. ఈ అంకె చూసి హోరు అనుకుంటాం. ఉద్దేశం సరిగ్గా తిరగేసి ఉంది. స్టేజీకి రెండు పక్కలా రెండు పెద్ద స్పీకర్ల గుట్టలు పెట్టి చివరి వరుస దాకా వినిపించాలంటే ముందు వరుసవాళ్ల చెవులు చిల్లులు పడాలి, మిగిలిన శబ్దమంతా గోడలకూ గుమ్మటానికీ తగిలి తిరిగి రావాలి. అదే చిన్న స్పీకర్లను చాలాచోట్ల పెట్టి ఒక్కోదాన్ని కుర్చీల వైపే తిప్పితే, ఏదీ గట్టిగా అరవక్కర్లేదు. స్టేజీకి దూరంగా ఉన్నవాటికి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తారు. అప్పుడు పక్కనున్న పెట్టెలోంచి కాక, గాయకుడి నోట్లోంచే పాట వస్తున్నట్టుంటుంది.

చిక్కేమిటంటే, అదే హాల్లో 1941 నుంచి ప్రామ్స్ కచేరీలు, అంటే ఏటా వేసవిలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలు, జరుగుతున్నాయి. పెద్ద ఆర్కెస్ట్రా వాయించే సింఫనీకి మైకు అక్కర్లేదు. హాలు గోడలే దానికి నిండుదనం ఇస్తాయి, ఆ కాస్త మోత లేకపోతే వయొలిన్లు పొడిగా వినిపిస్తాయి. మర్నాడు రాక్ బ్యాండ్ వస్తే అదే మోత డ్రమ్స్‌ని బురదలో తొక్కినట్టు చేస్తుంది. సినిమా, ఆర్కెస్ట్రా కలిస్తే ఇంకో టెన్షన్: వందమంది వాయిస్తున్నా డైలాగు మునిగిపోకూడదు. గోడలకు మెత్తటి పరుపులు కొట్టేస్తే ఒకరికి సుఖం, ఇంకొకరికి శిక్ష. అందుకే గోడల జోలికి పోకుండా, శబ్దాన్ని గోడల దాకా పోనివ్వకపోవడమే మేలైన దారి అయింది.

వారసత్వ కట్టడాల్లో ఆ హాలు అక్కడ మొదటి గ్రేడుది, అంటే అన్నిటికన్నా పై తరగతిది. ఇష్టమొచ్చిన చోట మేకు కొట్టడానికి వీల్లేదు. ఇంజినీర్లకు ఇది విసుగే అయినా, నా మట్టుకు మంచే చేసిందనిపిస్తుంది. గోడ మీద చెయ్యి వేయలేనివాడు ముందు చెవితో ఆలోచిస్తాడు.

మన దగ్గర సౌండ్ మార్చడం అనగానే వాట్ల లెక్క మొదలవుతుంది. ఈ మధ్య ఒక పాత ఆడిటోరియంలో పద్య నాటకానికి వెళ్లాను. కొత్త సిస్టమ్ పెట్టామని ముందే గొప్పగా ప్రకటించారు. స్టేజీకి అటూ ఇటూ మనిషెత్తు పెట్టెలు, బాల్కనీ కింద ఒక్క స్పీకరూ లేదు. నటుడు రాగం తీస్తే హాలంతా కంపించింది. పద్యం మొదలెట్టగానే నా పక్కనున్న పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఏమన్నాడు బాబూ?” అని అడిగాడు. నాకూ వినపడలేదు.