జూలై నాలుగున సిటీకే పోదాం

జూన్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ, జూలై నాలుగు, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం, లాంగ్ వీకెండ్‌కి ఎటు పోదాం అని. కొందరు నయాగరా అంటారు, జాతీయ తెలుగు సంఘాల కన్వెన్షన్లు చాలాసార్లు ఆ రోజుల్లోనే పడతాయి కాబట్టి కొందరు అటు పోతారు, మిగిలినవాళ్ళం ఏదో పార్కులో షెల్టర్ బుక్ చేసుకుని చికెన్ కాల్చుకుని క్రికెట్ ఆడుకుని ఇంటికొచ్చేస్తాం. అది తప్పని అనట్లేదు. కానీ వాషింగ్టన్ డీసీకి ఇంత దగ్గర్లో ఉండి కూడా జూలై ఫోర్త్ రోజు సిటీలో అడుగు పెట్టని తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి, నాకు అదే బాధ.

అడిగితే పార్కింగ్ దొరకదండీ అంటారు. అసలు కారెందుకు, 2022 నవంబర్ నుంచి మెట్రో రైలు సిల్వర్ లైన్ మన వర్జీనియా వైపు ఆష్‌బర్న్ దాకా వచ్చేసింది కదా, ఎక్కడా రైలు మారక్కర్లేకుండా సిటీ మధ్యలో స్మారకాలున్న పెద్ద పచ్చిక మైదానం, నేషనల్ మాల్ పక్కనే దిగొచ్చు.

ఇంకొందరు చెప్పే కారణం వేరు. గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ళ తరబడి లైన్లో ఉన్నాం, ఇది మన పండగెలా అవుతుంది అంటారు. ఆ కష్టం చిన్నదేం కాదు. అయినా సరే ఒక్క విషయం చెప్తాను. భారతీయులు సిటిజన్లు కాలేరని 1923లో భగత్ సింగ్ థిండ్ అనే వలసదారు కేసులో అమెరికా సుప్రీంకోర్టే తేల్చేసింది, ఆ హక్కు వచ్చింది 1946 జూలై 2న ప్రెసిడెంట్ ట్రూమన్ చట్టం మీద సంతకం పెట్టాక, అప్పుడు కూడా కొత్తగా రావడానికి ఏడాదికి 100 మందికే కోటా. దానికోసం కొట్లాడినవాళ్ళలో ఒకరైన దలీప్ సింగ్ సౌంద్ పదేళ్ళకల్లా కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, ఎన్నికయ్యారు! మనలాంటివాళ్ళకి నిజంగా తలుపులు తెరిచిన 1965 ఇమిగ్రేషన్ చట్టం కూడా నల్లజాతివాళ్ళ పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఊపులో వచ్చిందే, 1963లో మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన లింకన్ మెమోరియల్ ఉన్న నేషనల్ మాల్‌లోనే మనం ఇవాళ ఫైర్‌వర్క్స్ చూసేది. ఆ చోట నిలబడి పిల్లలకి ఈ కథ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాం?

అందుకే సాయంత్రం కాదు, పొద్దున్నే పోవాలంటాను. దేశపు పాత పత్రాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ మెట్ల మీద ఆ కాలం నాటి వేషాల్లో వచ్చి డిక్లరేషన్, అంటే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, చదివి వినిపిస్తారు, 1776 నాటి అసలు ప్రతి ఆ బిల్డింగ్ లోపలే ఉంది. తర్వాత కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీద పరేడ్. సమ్మర్‌కి మన దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు ఆగస్టు పదిహేను జెండా వందనాలు చూసి పెరిగినవాళ్ళు, బ్యాండు మేళం వినపడగానే వాళ్ళ మొహాలు ఎట్లా వెలుగుతాయో చూడండి. వాళ్ళని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి మనం పిక్నిక్‌కి పోవడం ఏం న్యాయం.

ఎండ మాత్రం గట్టిగానే ఉంటుంది. టోపీలు, మంచినీళ్ళు, పులిహోర పొట్లాలు తెచ్చుకోండి, గాజు సీసాలూ గ్రిల్లూ చెకింగ్ దగ్గర ఆపేస్తారు. ఫైర్‌వర్క్స్ అవ్వగానే స్టేషన్‌కి పరిగెత్తకుండా ఓ గంట గడ్డిలోనే కూర్చుంటే రష్ తగ్గుతుంది.

పిక్నిక్ ఏర్పాట్లు చూసే మన కమిటీకి నా రిక్వెస్ట్ ఇదే, దాన్ని ఇంకో శనివారానికి మార్చి ఈసారి జూలై నాలుగున అందరం కలిసి రైల్లో పోయేలా ప్లాన్ చేయండి. పెద్దవాళ్ళకి తోడుగా నడవడానికి కాలేజీ పిల్లలు నలుగురైదుగురు పేర్లిస్తే చాలు.