కోకోపీట్ ఇటుక గారికి, కోనసీమ నుంచి

ఇటుక గారికి,

నమస్కారాలు. ముందుగా క్షమాపణ చెప్పుకోవాలి. కుండీల్లో మట్టికి బదులు వాడే కొబ్బరిపొట్టు దిమ్మ అయిన తమర్ని, మంగళవారం పొద్దున్న మా అమ్మ నీళ్ళపొయ్యిలో పెట్టేసింది.

కావాలని కాదు. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. పెరట్లో పేర్చిన కొబ్బరి డొక్కలు నాని ముద్దైపోయాయి, కమ్మలు ముట్టుకుంటే నీళ్ళు కారుతున్నాయి, పిల్లలకేమో వేణ్ణీళ్ళు కావాలి. గీజరు ఉంది. నేనే డబ్బులు పంపి పెట్టించాను. స్విచ్ వేస్తే కరెంటు మీటరు గిర్రున తిరుగుతుందని అమ్మకి టెన్షన్. అందుకని పెట్టిననాటి నుంచీ దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. సరిగ్గా ఆ సమయంలో అరుగు మీద, ప్లాస్టిక్ కవరులో, చెక్కలా ఎండిపోయి తమరు కనబడ్డారు. "పిడకనుకున్నానే. అంత దూరం నుంచి పిడకెందుకు మోసుకొచ్చిందా అని కూడా అనుకున్నాను" అంది తరవాత.

మండినా బాగుండేది. తమరు మండరు, ఆరరు. గంటన్నరసేపు లోలోపల రాజుకుంటూ పెరడంతా పొగ పెట్టారు. పక్కింటి అత్తయ్య గోడ మీంచి తొంగిచూసి, "ఏం వదినా, దోమలకా?" అంది. అమ్మ క్షణం ఆలోచించకుండా అవునంది. మూడు పౌండ్లు, అంటే మూడొందల రూపాయల పైచిలుకు పెట్టి దోమలకి పొగ వేసిన ఇల్లు మా పేటలో మాదే మొదటిది.

ఇంతకీ తమర్ని ఎందుకు తెచ్చానంటే, గొప్ప కోసం. దాచుకోవడం దేనికి?

పదకొండేళ్ళ కిందట ఇంగ్లండులో కాపురం పెట్టాక నాకు తెలిసిన మొదటి సంగతి, ఆ దేశంలో పొదుపు ఒక హాబీ అని. మా అమ్మ పాత చీర చింపి బొంత కుడితే పిసినారితనం. అక్కడ అదే పని నేర్పడానికి శనివారం శనివారం క్లాసు, క్లాసుకి ఫీజు. నేనూ చేరిపోయాను. సాయంత్రం ఏడు దాటాక సూపర్ మార్కెట్లో, గడువు తీరబోయే సరుకు మీద పసుపురంగు స్టిక్కరు వేసి ధర తగ్గిస్తారు. ఆ స్టిక్కర్ల మిషను పట్టుకొచ్చే కుర్రాడికి నాలుగడుగుల దూరంలో, అతన్ని చూడనట్టు, పెరుగు డబ్బా మీద అక్షరాలు చదువుతున్నట్టు నిలబడతాను. నాతోపాటు మరో ఇద్దరు ముసలాళ్ళు కూడా అలాగే ఏవో చదువుతూ ఉంటారు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోం. మిషను టిక్కుమనగానే చదువు ఆగిపోతుంది.

ఆ పెరుగు డబ్బాలే నా తోట. కడిగి, కాల్చిన సూదితో అడుగున చిల్లులు పొడిచి, కిటికీ గట్టు మీద వరసగా పెడతాను. ధనియాలు చెప్పుతో నలిపి చల్లుతాను. మెంతులు పోపులడబ్బాలోంచే. అంతా ఊరికే వచ్చినట్టే, ఒక్క మట్టి తప్ప. మట్టి కొనుక్కోవాలి. ఈ మాట ఫోన్లో చెప్పినప్పుడు నాన్నగారు లైన్ కట్టయిందనుకుని రెండుసార్లు హలో అన్నారు.

అలా మట్టి కోసం వెళ్ళిన దుకాణంలో తమరి దర్శనమైంది. పచ్చటి అట్ట మీద నవ్వుతున్న భూగోళం, "పీట్ లేనిది" అని బంగారు అక్షరాలు. పీటంటే అక్కడి బురదనేలల్లో నాచు చచ్చి, కుళ్ళీ కుళ్ళక పేరుకున్న నల్లటి మట్టి. ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకుంటే గొప్ప. దాన్ని తవ్వి కుండీల్లో పోస్తే వేల ఏళ్ళుగా అందులో దాగిన కార్బన్ గాల్లో కలుస్తుంది. ఇళ్ళ తోటలకి దాని అమ్మకం ఆపించేస్తామని 2022లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా. దాని బదులు ఎవరు రావాలి? తమరు. కొబ్బరి డొక్కని పీచు ఫ్యాక్టరీలో చితక్కొట్టి పీచు తీసేశాక రాలే పొట్టు తమరు. డొక్కలో పీచు కన్నా పొట్టే ఎక్కువ. మా ఊరి అవతల ఫ్యాక్టరీ పక్కన అది గుట్టలా పడి ఉండేది. చిన్నప్పుడు దాని మీంచి జారి ఇంటికొస్తే, అమ్మ లోపలికి రానివ్వకుండా నూతి దగ్గరే నీళ్ళు పోసేది. అప్పట్లో తమరికి ఇంగ్లీషు పేరు లేదు లెండి.

అట్ట తిప్పి చూస్తే "ఇండియా ఉత్పత్తి" అని చిన్న అక్షరాల్లో ఉంది. కొబ్బరికి పేరున్న ఏ తమిళనాడు పొల్లాచ్చి నుంచి వచ్చారో తెలియదు గానీ, నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. బస్టాండులో ఊరివాళ్ళు కనబడ్డట్టయింది.

ఇంటికొచ్చి, తమరితోపాటు కొన్న తమరి తోబుట్టువుని బకెట్లో పెట్టి నాలుగు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళు పోశాను. ఆరొందల యాభై గ్రాముల ఆ తోబుట్టువు గారు చిటపటలాడుతూ, పగుళ్ళిచ్చి, ఉబ్బి, ఇరవై నిమిషాల్లో బకెట్ నిండా అయ్యారు. చూస్తూ ఉంటే ఎక్కడో చూసిన వ్యవహారంలా అనిపించింది. మేమూ అంతే కదా. మమ్మల్నీ ఇక్కడే ఒత్తి, కుక్కి, పెట్టెకి 23 కిలోలు దాటకుండా తూచి విమానం ఎక్కిస్తారు. అక్కడ కాస్త నీళ్ళు పడగానే ఎంత ఉబ్బుతామో తిరిగొచ్చినప్పుడు మా చుట్టాలని అడగండి. ఇంకో పోలిక కూడా ఉంది. తమరు నీళ్ళని బాగా పట్టి ఉంచుతారు గానీ, మొక్కకి పెట్టడానికి తమరి దగ్గర సారం ఏమీ లేదు. ఎరువు వేరే కొనాలి. అదింకో నాలుగు పౌండ్లు.

గోంగూర గురించి ఎక్కువ చెప్పను. అమ్మ ఇచ్చిన గింజలే, ఏప్రిల్లో వేశాను. జూన్ దాకా చలికి ముడుచుకుని కూర్చుంది. జులైలో మూడు ఆకులు వేసింది. తమరి తోబుట్టువు మూడు పౌండ్లు, ఎరువు నాలుగు పౌండ్లు, నత్తలు రాకుండా కుండీ అంచుకి చుట్టిన రాగి టేపు ఐదు పౌండ్లు. ఇంట్లో పొదుపు లెక్కలు చూసేది నేనే కాబట్టి, ఆకు ఒక్కింటికి నాలుగు పౌండ్లని నేనే తేల్చుకుని, నేనే కాగితం చింపేశాను. అమలాపురంలో కట్ట పది రూపాయలకి ఇచ్చి, ఇంకో కట్ట కొసరు అడిగితే విసుక్కుంటారు, పాపం.

నేల ఉంటే బాగా పండుతుందేమోనని కౌన్సిల్, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళ తోటస్థలానికి అర్జీ పెట్టుకున్నాను. ఏడాదికి ఇంతని అద్దె కట్టి కూరగాయలు పండించుకోవచ్చు. పాతకాలపు లెక్కలో ఒక స్థలం పది రాడ్లు, అంటే 250 చదరపు మీటర్లు. నాన్నగారికి ఫోన్లో సెంట్లలోకి మార్చి చెప్పాను. "ఆరు సెంట్లా? కుంచం కూడా కాదు. దానికి వెయిటింగ్ లిస్టా?" అన్నారు. నాలుగేళ్ళుగా అని చెప్పలేదు. ఆయన అక్కడితో ఆగలేదు. "ఆ దేశం నుంచి వచ్చిన కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేసి, డెల్టా అంతా తడిపి వెళ్ళాడు. ఇక్కణ్ణుంచి ఆ దేశం వెళ్ళిన నువ్వు పదకొండేళ్ళలో ఏం పండించావమ్మా?" మూడాకులు అని చెప్పడానికి నోరు రాలేదు.

షికార్లలో కూడా తమరే గుర్తొస్తారు నాకు. అక్కడ ఆదివారం ఎండ కాస్తే పల్లెదారులు పట్టి నడవడం మా ఖర్చులేని వినోదం. స్టీలు క్యారేజీలో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. ఆగస్టు చివర్లో కంచెల నిండా బ్లాక్‌బెర్రీలు నల్లగా పండి ఉంటాయి, ఎవరైనా ఊరికే కోసుకోవచ్చు. ముళ్ళు గీరుకుంటూ డబ్బాడు కోసి, ఫోటో తీసి అమ్మకి పంపాను. "గట్టు మీద నేరేడుపళ్ళు ఏరుకుంటుంటే పరువు పోతోందని చిన్నప్పుడు నీ వీపు మీద ఒకటేశాను. కంచె పళ్ళు కోసుకోడానికి విమానం ఎక్కావన్నమాట" అంది. ఆ విషయం నాకూ గుర్తుంది. వీపుకీ గుర్తుంది.

సరే, ఈసారి ఇక్కడి షికారు సంగతి. పిల్లలకి పాపికొండలు చూపిద్దామనుకున్నాం. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారు, బోట్లు ఆపేశారు. రెండోది 13.75కి, మూడోది 17.75కి. నాన్నగారు టీవీ ముందు కూర్చుని క్రికెట్ స్కోరులా చెబుతున్నారు. ఇక లాభం లేదని, కాస్త తెరిపి ఇచ్చిన రోజు రావులపాలెం దాటి, జొన్నాడ వంతెన మీంచి ఎర్రటి గౌతమిని పిల్లలకి చూపించి, కడియపులంక నర్సరీలకి వెళ్ళాం. మైళ్ళ పొడవునా మొక్కలే. తమలపాకు నుంచి తాటిచెట్టంత పామ్ దాకా వేళ్ళకి గోనె కట్టి లారీలెక్కడానికి రెడీగా ఉంటాయి. అక్కడ ఒక షెడ్డులో, వానకి తడవకుండా టార్పాలిన్ కింద, కొన్ని వందలమంది తమరి బంధువులు.

నాన్నగారు ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నారు. గోటితో గీకారు. వాసన చూశారు.

"ఇది మన పొట్టు కాదూ?"

"ఆయ్, పొట్టేనండి. కడిగిన పొట్టండి. ఫారిన్‌లో అందరూ ఇదే వాడతారండి" అన్నాడు షెడ్డులో కుర్రాడు, నా వైపు చూడకుండా.

"కడిగితే ఇంత రేటా?"

అందులో పని ఉంది, నిజమే. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, మంచినీళ్ళతో మళ్ళీమళ్ళీ కడగాలి. సోడియం, పొటాషియం మొక్కని ఇబ్బంది పెట్టకుండా కాల్షియం కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. తరవాత ఎండబెట్టి, జల్లించి, మిషన్లో ఒత్తాలి. ఇదంతా పసుపు స్టిక్కర్ల క్యూలో నిలబడి ఫోన్లో చదివిన పరిజ్ఞానం. నాన్నగారికి వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. కొబ్బరి దింపు తీయించినప్పుడల్లా కాయలు రాశి పోసి, గునపానికి గుచ్చి ఒలిపించి, డొక్కలు ఎవరూ పట్టుకెళ్ళకపోతే గట్టు మీద పోసి తగలబెట్టించే మనిషి ఆయన. నలభై ఏళ్ళుగా ఎన్ని డొక్కలు కాల్చి ఉంటారో మనసులోనే లెక్క వేసుకుంటున్నట్టు, తిరుగుప్రయాణంలో జొన్నాడ వచ్చేదాకా మాట్లాడలేదు.

వంతెన మీద మాత్రం, "కడగడమేగా అమ్మాయ్. మన పొట్టుని వాన రోజూ కడుగుతూనే ఉంది" అన్నారు.

ఇక తమరి అంత్యక్రియల విషయం. బుధవారం అమ్మ పొయ్యి ఊడ్చి, తమరి బూడిద చేటలోకి ఎత్తింది. సగం మసి, సగం బూడిద. పారేస్తుందేమోనని చూశాను. పారెయ్యదు, నాకు తెలిసిందే. పందిరి మీద ఆనపపాదు ఆకుల వెనక పేనుబంక పట్టింది. స్టూలు ఎక్కి, ఆకు ఆకునీ తిప్పి, వేళ్ళతో చిటికెడు చిటికెడు చల్లింది. మిగిలింది మొదట్లో పోసింది. ఆ పాదుకి ఎవరూ ఏ మట్టీ కొనలేదు. అంట్లు కడిగిన నీళ్ళు పోయే చోట దానంతట అదే మొలిచింది. ప్రస్తుతం దానికి ఏడు కాయలున్నాయి.

సాయంత్రానికి మళ్ళీ వాన పట్టుకుంది. ఆకుల మీద చల్లిందంతా కారి, ముగ్గులా నేల మీద పరుచుకుని, నెమ్మదిగా కాలవ వైపు వెళ్ళిపోయింది. నాన్నగారు అరుగు మీద కుర్చీలోంచి వంగి చూశారు.

"ఇప్పుడు బాగా కడిగినట్టేనా, అమ్మాయ్?"

ఇట్లు,
తమర్ని అక్కడ కొని ఇక్కడిదాకా మోసుకొచ్చిన మనిషి