మైనస్ 14 గారికి

షెడ్యూలులో ఒక పనికీ తర్వాతి పనికీ నడుమ ఎన్ని రోజులు ఆగాలో రాసే ల్యాగ్ గడిలో వెలసిన శ్రీ మైనస్ 14 గారికి,

హనుమకొండలో, ములుగు రోడ్డు పక్క సైటు నుంచి ప్లానింగ్ ఇంజినీరు రాయునది.

మీరు మా షెడ్యూలులోకి ఎట్లా వచ్చారో ఎవరూ ఒప్పుకోవడం లేదు. కీబోర్డు మీద వేలు జారిందని ఒకరు, పాత ప్రాజెక్టు ఫైలు కాపీ కొడితే వెంట వచ్చారని ఇంకొకరు. పిలవని పేరంటానికి మీరు వచ్చే రకం కాదని నా అనుమానం.

స్లాబ్ పోసిన 14 రోజులకు దాన్ని కింద మోసే బల్లీలు తీసి, ఆ తర్వాత కింద ఇటుక పని పెట్టాలి. ఆధారాల నడుమ దూరం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకు మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెప్పే కనీస గడువది. మీరు ఆ అంకె ముందు ఒక అడ్డగీత గీసుకుని కూర్చున్నారు. అంతే, స్లాబ్ పూర్తి కావడానికి 14 రోజుల ముందే దాని కింద గోడలు లేచాయి. ఒక్క గీతతో 28 రోజులు మిగిల్చారు! మా ఆఫీసులో ఇంత చురుకైన ఉద్యోగి ఇంకొకరు లేరు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మీరు సోమలింగాన్ని బడిలో కూడా వేశారు.

సాఫ్ట్‌వేర్ నోరెత్తలేదు. రెండు పనులు ఒకదాని కోసం ఒకటి కాచుకుని కూర్చుంటే మాత్రం లూప్ అంటూ లెక్క ఆపేస్తుంది. మీకైతే కుర్చీ వేసింది. నోరెత్తింది మేస్త్రీ. ప్రింటు చేతికిస్తే ఇటు తిప్పీ అటు తిప్పీ, "సారూ, బల్లీలు నిలబడ్డ కాడ గోడెట్ల కడ్తం? మీరే వచ్చి నడుమ ఇటుక దూర్చుండ్రి, నేను చూస్త" అన్నాడు. ఆయనకు మా షెడ్యూలు సాఫ్ట్‌వేర్ ప్రిమవెరా రాదు. పాలంపేటలో ఇసుక పునాది మీద రామప్ప గుడి నిలబెట్టినవాళ్లకూ రాదు లెండి.

అమెరికా రక్షణ శాఖలో కాంట్రాక్టులు చూసే సంస్థ షెడ్యూళ్లకు పెట్టిన తనిఖీలు సరిగ్గా 14, మీ ఇంటి నంబరే. ముందో వెనకో ముడి లేని పనులను 5 శాతం దాకా ఓర్చుకుంటారట. మీ వంశానికి, అంటే మైనస్ ల్యాగులకు మాత్రం సున్నా.

అందుకే పోయిన శుక్రవారం మిమ్మల్ని తీసేశాను. మీ చోట ప్లస్ 14 కూడా పెట్టలేదు. గడిలో దాక్కున్న అంకెను ఎవరు చూస్తారు? నీళ్లు పట్టడం, బల్లీలు విప్పడం అని రెండు పనులు రాసి, స్లాబుకూ ఇటుకకూ నడుమ కట్టాను. పేరున్న పనికి అడిగితే జవాబు చెప్పే మనిషి ఉంటాడు. అదే ఊపులో లిఫ్టు సంగతి చూశాను. దాని వెనక ఏ పనీ లేదు, ఎంత ఆలస్యమైనా ఎవరికీ నొప్పి లేదు, ఫ్లోటు, అంటే ఆలస్యానికి ఉన్న వెసులుబాటు మాత్రం బోలెడు. తెచ్చి అప్పగింతకు కట్టేశాను.

సద్దుల బతుకమ్మకు ఇవ్వాల్సిన బిల్డింగు కార్తీక పౌర్ణమికి జరిగింది. పెద్దసారు చాలాసేపు స్క్రీన్ చూశారు. "లింకులు నీ ఇష్టం. డేటు కదలొద్దు" అన్నారు.

శనివారం పొద్దున ఫైలు తెరిస్తే మీరు లేరు, సంతోషం. ముగింపు తేదీ మాత్రం మళ్లీ సద్దుల బతుకమ్మే. పక్కన బుల్లి నక్షత్రం గుర్తు, తేదీని ఎవరో చేత్తో బిగించారని సాఫ్ట్‌వేర్ పెట్టేది.

ఆయన మీ తమ్ముడేనా?